వెనక బ్రేకే పట్టాను, అయినా హ్యాండిల్ మీంచి ఎగిరిపడ్డాను. తప్పెక్కడ?

నార్సింగి_నత్త:

అందరికీ నమస్కారం. నాకు 43 ఏళ్ళు, ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. చిన్నప్పుడు తెనాలిలో అన్నయ్య సైకిల్ మీద, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నాను. ఆ తర్వాత పాతికేళ్ళు సైకిల్ ముట్టలేదు. నాలుగు నెలల క్రితం మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన, అమెరికా నుంచి వచ్చేస్తూ తెచ్చుకున్న మౌంటెన్ సైకిల్ అమ్ముతుంటే కొన్నాను. ముందు మాత్రమే షాక్ అబ్జార్బర్, 29 అంగుళాల చక్రాలు, డిస్క్ బ్రేకులు. (మౌంటెన్ బైక్ కొన్నానని చెబితే మా అమ్మ "ఈ వయసులో మోటార్ సైకిలేంటే" అని రెండు రోజులు మాట్లాడలేదు. అందుకే ఇక్కడ కూడా సైకిల్ అనే రాస్తున్నాను.)

రోజూ పొద్దున్నే హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ మీద తొక్కుతాను. ఆ 23 కిలోమీటర్లూ ఆగకుండా తొక్కేయగలను. దాంతో నాకు సైకిల్ బాగా వచ్చేసిందని ఓ నమ్మకం.

పోయిన ఆదివారం ఒక గ్రూపుతో గండిపేట అవతల ఓ గుట్టకి వెళ్ళాను. ఎక్కడం ఎలాగో నెట్టుకుంటూ ఎక్కాను. దిగాల్సిన వాలు మహా అయితే రెండంతస్తుల ఎత్తు ఉంటుంది. బండ, దాని మీద మొరం. గ్రూపులో ఒక పెద్దమనిషి, "దిగేటప్పుడు ముందు బ్రేకు ముట్టుకోవద్దు, ముట్టుకుంటే పల్టీ కొడతావు. వెనకదే పట్టు, సీటు మీద వెనక్కి జరిగి కూర్చో" అన్నారు. అక్షరాలా అదే చేశాను. పదేళ్ళుగా స్కూటీ నడుపుతున్నదాన్ని, ఎడమ చెయ్యి వెనక బ్రేకని నాకు తెలీదా? కుడి చేతి వేళ్ళు బ్రేకు మీంచి తీసే పెట్టాను. సగం దిగాక వేగం ఎక్కువైందని ఎడమది గట్టిగా నొక్కాను. అంతే, సైకిల్ వెనక భాగం లేచి నన్ను విసిరికొట్టింది. హెల్మెట్ ఉంది కాబట్టి తల బాగానే ఉంది. ఎడమ మోచేతికి నాలుగు కుట్లు. రెండు అరచేతుల్లోంచీ మొరం గింజలు పట్టకారుతో ఏరి తీశారు. మర్నాడు ల్యాబ్‌లో ఒకరి నరం కూడా పట్టుకోలేకపోయాను.

వెనక బ్రేకు పడితే పల్టీ ఎలా కొడతాను? అసలు ఈ గుట్టల మీద సైకిల్ని అదుపులో పెట్టుకోవడం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? మా ఆయన "ట్రాక్ ఉందిగా, చాలదా" అంటున్నారు. చాలదు. దిగుతున్న ఆ మొదటి నాలుగు సెకన్లూ ఎంత బాగుందో ఆయనకి చెప్పినా అర్థం కాదు.

పల్లేరుకాయ:

అక్కా, ముందుగాల చెయ్యి ఎట్లుంది? టీటీ సూది తీస్కున్నరా అని అడుగుదామనుకున్న, మీరు ల్యాబ్‌లనే పనిజేస్తరు, నేను చెప్పుడేంది.

టైర్లల్ల గాలి ఎంత కొట్టిచ్చిన్రు? ట్రాక్ మీద తొక్కేటోళ్ళందరు పంక్చర్ దుకాణంల రాయి లెక్క కొట్టిస్తరు. గట్టి టైరుతోటి మొరం మీద పోతే గోలీల మీద నడిచినట్టే. నేను 72 కిలోలుంట. 2.2 అంగుళాల టైర్లల్ల ముందల 26, ఎనక 29 పీఎస్ఐ పెడ్త. ఇంకా తగ్గిస్తే మాత్రం రాయికి గుద్దినప్పుడు ట్యూబు రిమ్ము కింద నలిగి, పాము కాటేసినట్టు పక్కపక్కన రెండు బొక్కలు పడ్తయ్. గేజీ ఉన్న పంపు ఒకటి కొనుక్కోండ్రి, వేలితోటి నొక్కి చూసుడు నమ్మొద్దు.

స్లోరేస్_మాస్టారు:

అమ్మా, గాలి సంగతి తర్వాత చూద్దాం. ఒక్క పని చెయ్యండి. ఇప్పుడే సైకిల్ దగ్గరికి వెళ్ళి, ముందు చక్రం కాస్త పైకెత్తి తిప్పండి. తిరుగుతుండగా ఎడమ బ్రేకు నొక్కండి. ఏమైందో రాయండి.

నార్సింగి_నత్త:

మాస్టారూ, ఆగిపోయింది! ఎడమది నొక్కితే ముందు చక్రం ఆగింది. కుడిది నొక్కితే వెనకది. మూడుసార్లు చూశాను. నాలుగు నెలల నుంచి తొక్కుతున్నాను, ట్రాక్ మీద ఎప్పుడూ రెండూ కలిపే పట్టేదాన్ని, అందుకే తెలియలేదు. మా ఆయన పక్కనే నిలబడి నవ్వుతున్నారు. సైకిల్ అమ్మినాయన్ని లిఫ్ట్‌లో పట్టుకుని అడిగితే, "అవునండీ, అక్కడ అలాగే ఉంటుంది, చెప్పలేదా నేను?" అన్నాడు. చెప్పలేదు.

బెంటన్‌విల్_బాబాయ్:

ఆర్కాన్సా నుంచి రాస్తున్నానమ్మా. ఆయన చెప్పింది నిజమే, అమెరికాలో అమ్మే సైకిళ్ళకి ముందు బ్రేకు ఎడమ చేతికే ఉంటుంది. మన దగ్గర స్కూటరైనా మోటార్ సైకిలైనా ముందు బ్రేకు కుడి చేతిలోనే కదా. నేను వచ్చిన కొత్తలో ఇదే గొడవ పడలేక షాపులో రెండూ తారుమారు చేయించుకున్నాను. మీది వైరు బ్రేకు అయితే పది నిమిషాల పని. ఆయిలు బ్రేకు అయితే గొట్టాలు విప్పాలి, లోపలికి గాలి చేరితే మళ్ళీ ఆయిలు ఎక్కించాలి, కాబట్టి తెలిసినవాళ్ళ చేతే చేయించండి.

మీ పెద్దమనిషి సలహా వింటే పాత కథ ఒకటి గుర్తొచ్చింది. కాలిఫోర్నియాలో మరిన్ కౌంటీ కుర్రాళ్ళు 1976లో పాత లావు టైర్ల సైకిళ్ళతో ఒక కొండదారిలో పందేలు మొదలుపెట్టారు. ఆ సైకిళ్ళకి పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉండేది, అది వెనక చక్రానికి మాత్రమే. కిందికి దిగేసరికి చక్రం మధ్యనున్న హబ్‌లో గ్రీజు మాడి పొగలొచ్చేది, ప్రతిసారీ కొత్త గ్రీజు కూరాల్సి వచ్చేది. ఆ దారికి రీప్యాక్ అని పేరు పడింది అందుకే. ఒక్క వెనక బ్రేకుతో కొండ దిగితే ఏమవుతుందో దాని పేరులోనే ఉంది! ఆ కుర్రాళ్ళు తర్వాత చేసిన పనుల్లో ముఖ్యమైనది, ముందు చక్రానికి మంచి బ్రేకు పెట్టుకోవడం.

ఇక్కడ మా ఊళ్ళో అడవి బాటలకి బోర్డులుంటాయి. పచ్చ గుండ్రం తేలిక, నీలం చతురస్రం మధ్యస్థం, నల్ల డైమండ్ కష్టం. ఆరేళ్ళ పిల్లలు నన్ను దాటుకుపోతూ "ఎక్స్‌క్యూజ్ మీ సర్" అంటారు. మీ గుట్టకి బోర్డు లేదు, కానీ మీరు రాసినదాన్ని బట్టి అది పచ్చ గుండ్రం మాత్రం కాదు.

స్లోరేస్_మాస్టారు:

బ్రేకు దొంగ దొరికాడు కదా. ఇప్పుడు నా మాట వినండి. మూడు వారాల పాటు గుట్ట పేరెత్తకండి. మీకు కావలసింది సెల్లార్‌లోనో ఖాళీ పార్కింగ్‌లోనో ఇరవై మీటర్ల చోటు, ఓ సుద్దముక్క, రెండు ఇటుకలు.

నేను వికారాబాద్ వైపు బడుల్లో ముప్పై ఏళ్ళు పీఈటీగా చేసి రిటైరయ్యాను. ఏటా ఆగస్టు 15కి స్లో సైకిల్ రేస్ పెట్టేవాణ్ణి. గీతల మధ్య మీటరు వెడల్పు, కాలు కింద పెడితే ఔట్, గీత తొక్కితే ఔట్, ఆఖర్న వచ్చినవాడికి ప్రైజు (స్టీలు గిన్నె). ఊళ్ళో అందరికంటే జోరుగా తొక్కే కుర్రాడు ఐదు మీటర్లు పోకముందే కాలు పెట్టేసేవాడు. నాలుగేళ్ళు వరసగా గెలిచింది ఎవరనుకున్నారు? పాలు పోసే పిల్లాడు. పొద్దున్నే క్యారియర్‌కి రెండు పక్కలా క్యాన్లు తగిలించుకుని, తడి గట్ల మీద, కుక్కల్నీ గేదెల్నీ తప్పించుకుంటూ ఇల్లిల్లూ తిరిగేవాడు. సైకిల్‌ని ఎలా పట్టుకోవాలో వాడికి వేరే చెప్పనక్కర్లేకపోయింది. మీరు ట్రాక్ మీద 23 కిలోమీటర్లు తొక్కుతున్నారంటే మీ కాళ్ళు గట్టివే. అయితే వేగంలో సైకిల్ తనంతట తానే నిలబడుతుంది, అక్కడ నిలబెట్టేది మీరు కాదు. గుట్ట మీద, రాళ్ళ మధ్య, నడక వేగంలో మీరే నిలబెట్టాలి.

కాబట్టి ముందు నెమ్మది. ఇరవై మీటర్లకి గీతలు గీయండి. తేలిక గేరు వేసుకోండి. వెనక బ్రేకుని (ఇప్పుడు మీకు కుడి చెయ్యి!) ఒక్క వేలితో, రాసుకునీ రాసుకోనట్టు పట్టి, దానికి ఎదురు తొక్కండి. పెడలు పూర్తి చుట్టు తిప్పక్కర్లేదు. పావు చుట్టు ముందుకి, కాస్త వెనక్కి, మళ్ళీ పావు చుట్టు. చూపు ముందు చక్రం మీద పెట్టకండి, గీత చివర పెట్టండి. ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. పెరగాలి.

తర్వాత నిలబడటం. ఆ పెద్దమనిషి సీటు మీద వెనక్కి జరిగి కూర్చోమన్నారు చూడండి, అక్కడ నాకు కోపం వచ్చింది. దిగేటప్పుడు కూర్చోకూడదమ్మా. సీటు ఒక బెత్తెడు కిందికి దించి, రెండు పెడళ్ళూ నేలకి సమానంగా పెట్టి, వాటి మీద నిలబడాలి. ఎలా వంగాలంటే, వాకిట్లో ముగ్గు వెయ్యబోతూ వంగినట్టు. మోకాళ్ళు సడలి ఉండాలి, మడత తుంటి దగ్గర పడాలి, వీపు తిన్నగా ఉండాలి, మోచేతులు బయటికి విచ్చుకోవాలి. బరువంతా పాదాల్లో ఉండాలి. ఉందో లేదో తెలుసుకోవాలంటే హ్యాండిల్ మీద వేళ్ళతో తాళం వెయ్యండి. వెయ్యగలిగితే బరువు పాదాల్లోనే ఉన్నట్టు. మరీ వెనక్కి జరిగితే ముందు చక్రం మీద బరువు తగ్గిపోయి అది మొరం మీద ఎటు బడితే అటు పోతుంది. చేతులు కూడా నిటారుగా చాచుకుపోతాయి, చిన్న గుంత వచ్చినా హ్యాండిల్ మిమ్మల్ని ముందుకి గుంజేస్తుంది.

ఇక బ్రేకు. ముందు బ్రేకు శత్రువని ఎవరన్నా నమ్మకండి. బ్రేకు వెయ్యగానే బరువు ముందుకి వస్తుంది. ముందు చక్రం నేలకి మరింత గట్టిగా ఆనుతుంది, వెనకది తేలికై జారుతుంది. సైకిల్‌ని నిజంగా ఆపేది ముందుదే. దాన్ని లాగెయ్యకూడదు, పిండాలి. సుద్దతో అడ్డగీత గీసి, ఒకే వేగంతో వచ్చి, గీత దగ్గర మొదట వెనకది మాత్రం పట్టండి. ఎన్ని అడుగులకి ఆగారో కొలవండి. తర్వాత ముందుది మాత్రం, మెల్లగా. తర్వాత రెండూ. వేసే ప్రతిసారీ మడమలు కిందికి దించి పాదాలతో ఎదురు తన్నండి. ఆ కొలతలు ఇక్కడ రాయండి, నాకూ చూడాలనుంది.

మొరం గురించి ఒక ముక్క. అది వేరే ఎక్కడి నుంచో వచ్చింది కాదు, మన గ్రానైటు గుట్టే ఎండకీ వానకీ చితికి గింజలైంది. 250 కోట్ల ఏళ్ళ నాటి రాయి, దానికి తొందరేముంది. పొడి బండ మీద టైరు బల్లిలా పట్టుకుంటుంది. అదే బండ మీద గుప్పెడు మొరం ఉంటే కింద చక్రాలు పెట్టినట్టే. అందుకని వేగాన్ని బండ మీద ఉన్నప్పుడే తగ్గించుకోవాలి, మొరం వచ్చేసరికి ముందు బ్రేకు వదిలెయ్యాలి. మొరంలో ముందు చక్రం బిగుసుకుంటే పల్టీ కొట్టరు, పక్కకి పడతారు. వానాకాలంలో బండ మీద పాచి ఉంటే మాత్రం నా సలహాలేవీ పని చెయ్యవు, దిగి నడవండి.

రెండు ఇటుకల చుట్టూ ఎనిమిది అంకె వెయ్యడం రెండో వారంలో. మలుపులో సైకిల్‌ని కిందికి వంచండి, మీరు నిటారుగానే ఉండండి. బయటి వైపు పాదం కిందికి. చక్రం ఎత్తడం, ఇటుక దాటించడం ఇప్పుడే వద్దు, కుట్లు విప్పాక చెబుతాను.

గుట్టరాయుడు:

ఇంత తతంగం ఎందుకండీ? లక్షన్నర పెడితే ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్న సైకిల్ వస్తుంది, బటన్ నొక్కితే సీటు దిగే డ్రాపర్ వస్తుంది. రాళ్ళ మీద సోఫాలో కూర్చున్నట్టు దిగొచ్చు.

పల్లేరుకాయ:

అన్నా, ఎడమ కుడి తెల్వకుంటే లక్షన్నర సైకిల్ మీంచి గూడ గట్లనే పడ్తరు. డ్రాపర్ మంచిదే, కాదంటలేను. అక్కకు ఇప్పుడు అర్జెంటుగ కావాల్సింది గ్లౌజులు, మోచేతులకు ప్యాడ్లు, గుచ్చుకునే మేకులున్న వెడల్పు పెడళ్ళు. ఆ మూడిటికి కలిపి సీటు పైసలు గూడ కావు. ఆ పెడలు మేకులు పిక్కల ముందల గీరుతయ్ అక్కా, పొడుగు సాక్సులు ఏస్కోండ్రి.

నార్సింగి_నత్త:

మూడు వారాల తర్వాత వచ్చాను. కుట్లు విప్పారు.

బ్రేకులు మార్పించలేదు. మార్పిద్దామనే అనుకున్నాను, ఆయిలు బ్రేకులు కాబట్టి మెకానిక్ రెండు రోజులు ఉంచమన్నాడు, నాకు ఉంచబుద్ధి కాలేదు. ఎడమ బ్రేకుకి ఎర్ర ఇన్సులేషన్ టేపు చుట్టాను. ఎరుపంటే ముందు. ఇప్పుడు చెయ్యి దానంతటదే పోతోంది కానీ, స్కూటీ ఎక్కినప్పుడు ఒక్క క్షణం ఆలోచించాల్సి వస్తోంది.

మాస్టారూ, కొలతలు. మొదటి రోజు ఇరవై మీటర్లు 12 సెకన్లలో అయిపోయింది, మధ్యలో రెండుసార్లు గీత తొక్కాను. నిన్న 27 సెకన్లు, గీత తొక్కలేదు. వాచీ పట్టింది మా అమ్మ. సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చుంది, మోటార్ సైకిల్ కాదని తెలిశాక బాగా ఆసక్తి వచ్చింది. ఆవిడ దగ్గర తొండి కుదరదు. కాలి బొటనవేలు నేలకి తగిలిందని 31 సెకన్ల రికార్డు ఒకటి కొట్టేసింది. మీరు రాసిన ముగ్గు సంగతి చదివి వినిపించాను. నేను సైకిల్ మీద నిలబడి చూపిస్తే, "అలా బిగుసుకుని వేస్తే సగం ముగ్గుకే నడుం పట్టేస్తుంది, మోకాళ్ళు వదులు" అంది. వదిలాను. వేళ్ళు నిజంగానే తాళం వేశాయి.

బ్రేకు కొలతలు: వెనకది ఒక్కటే పడితే పదకొండు అడుగులు, జర్రున జారుతూ. ముందుది మాత్రం పడితే ఏడు, అదీ భయపడుతూ పట్టాను. రెండూ పట్టి, మడమలు దించితే ఐదు. మొదట నమ్మలేదు, మా ఆయన చేత కూడా కొలిపించాను.

ఈ ఆదివారం అదే గుట్టకి వెళ్ళాను, ఒక్కదాన్నీ కాదు, మా ఆయన కింద నిలబడ్డారు. సీటు దించాను. టైర్లలో గాలి చూసుకుంటే 48 ఉంది తమ్ముడూ! నేను 61 కిలోలు, 25, 28కి దించాను. పై సగం అంతా బండే కాబట్టి అక్కడే బ్రేకులు పిండుకుంటూ వచ్చాను. క్రితంసారి పడిన చోటికి రాగానే చూపు సరిగ్గా ఆ రాయి మీదికే పోయింది, సైకిల్ కూడా దాని మీదికే పోయింది. ఆపి, కాలు కింద పెట్టాను. ఆ కింది సగం నడిచి దిగాను. రెండోసారి కూడా అదే చోట ఆగిపోయాను. మూడోసారి, మొరం అవతల మా ఆయన చెప్పుల్ని చూస్తూ దిగాను. దిగాక ఆయన అన్నది, "ఎర్రది ఎప్పుడు వదిలావో నాకు కనపడింది." అంతే, ఇంకేం అనలేదు.

ఇంటికొచ్చి చూస్తే ముందు టైరులో పల్లేరు కాయలు పదకొండు. మరి నీకు ఆ పేరెందుకో ఇప్పుడు తెలిసింది. ఇప్పటికైతే గాలి తగ్గలేదు. ఇవి పీకెయ్యనా?

పల్లేరుకాయ:

అక్కా ఆగుండ్రి, పీకకుండ్రి! ముల్లు ఉన్నంతసేపు బొక్క మూసుకునుంటది, పీకంగనే సుయ్ మంటది. వాల్వు మోటార్ సైకిల్ లెక్క లావుదా, సన్నదా? వాల్వు లోపలి కోర్ ఊడొచ్చేదైతే ముందుగాల ట్యూబుల, బొక్కలు మూసే సీలెంట్ పోసుకోండ్రి, చక్రం తిప్పుండ్రి, గప్పుడు ఒక్కొక్కటి పీకుకుంట, ఆ బొక్క కిందికొచ్చేటట్టు పెట్టి మళ్ళ తిప్పుండ్రి. అమ్మను లెక్కపెట్టమనుండ్రి, పదకొండుల ఒక్కటి మిగిలినా రేపు పొద్దుగాల టైరు నేల మీదుంటది.